నీళ్ల మీద పెట్టిన నెపం

ఇట్లా గోడకు ఆనుకొని నా పక్కనే కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. మా ఆయనకు కూడా ఆలస్యంగానే చెప్పాను.

మాది కళుగుమలై పక్కన నల్లరేగడి ఊరు. ఆయన కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసేవారు. యంత్రాలు వచ్చాక మనుషుల్ని తగ్గించారు. మదురైలో ఒక గోదాములో పని దొరికింది. పొద్దున ఏడింటికి పోతే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. "రోజంతా ఇంట్లో ఉండేది నువ్వు, అద్దె ఇల్లు నువ్వే చూడు" అన్నారు. నా దిగులంతా అదే. ఊళ్లో అయితే వాకిలి ఊడ్చేలోపే నలుగురితో మాట్లాడేదాన్ని. ఆ పట్నంలో పగలంతా ఎవరితో మాట్లాడాలి?

విరుదునగర్‌లో ఇచ్చిన మా అమ్మాయి తోడొచ్చింది. మేం చూసిన పేటలో పెంకుటిళ్లు ఒకటొకటే పడగొట్టి అపార్టుమెంట్లు, లాడ్జీలు లేపుతున్నారు. ఒక వాకిట్లో ముగ్గు, పక్క వాకిట్లో ఇసుక కుప్ప.

నేను ఇల్లు చూసే పద్ధతి వేరు. మా వైపు కొన్ని బావుల నీళ్లలో పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. మా అత్త పిల్లను ఇచ్చే ఊరి నీళ్లు కూడా చెంబులో తెచ్చి, గుప్పెడు కందిపప్పు వేసి చూసేది. నేనూ చూసిన ప్రతి ఇంట్లో ఒక సీసా నీళ్లు అడిగాను. మా అమ్మాయికి తల తీసేసినట్టయింది. "ఇల్లు సూసేదానికి వచ్చినామా, పప్పు సేసేదానికి వచ్చినామా?" అని బస్సులో ఒకటే ఎగతాళి.

రెండో ఇల్లు ఒక పెద్దావిడది. ఒక్కతే ఉంటుంది. వెనక భాగం అద్దెకిస్తానంది. గోడలు పెచ్చులూడినా గాలి బాగా ఆడుతోంది. ఒక గది నుంచి ఇంకో గదికి పోయేలోపు మోకాలి నొప్పి, పక్కింటివాళ్లు ఖాళీ చేసిన కథ, ఇల్లు అమ్మమని వారం వారం వచ్చే కాంట్రాక్టరు, అన్నీ తమిళంలో చెప్పేసింది. వెనక ఒక కుటుంబం చేరితే చాలు, ఇల్లు అమ్మనని వాడి ముఖం మీదే చెప్తానంది.

మేం బయట తమిళం, ఇంట్లో తెలుగు. పరాయివాళ్ల ముందు చాటుగా ఏమన్నా అనుకోవాలంటే తెలుగే మాకు తలుపు. మా అమ్మాయి ఆ తలుపు వేసుకొని, "ఈ ముసలమ్మ నోరు మూసేదే లేదు. నీ సెవులు పోతాయి మా" అంది. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "బాడుగ ఇచ్చి ఈ పురానం ఎవురు వినేది" అన్నాను.

ఆమె తాళాలు కొంగున ముడి వేసుకుంటూ, కోపం ఏమీ లేకుండా, మా ఇంటి మాటలోనే అంది. "మాట్లాడి శానా నాళ్లయింది అమ్మీ. అందుకే నోరు నిలస్తా లేదు."

తర్వాత నా చేతిలో సీసా తీసుకొని, రెండుసార్లు కడిగి, తనే నీళ్లు నింపి ఇచ్చింది. "పప్పు ఉడుకుతాది. నేనూ అట్ల సూసి వచ్చినదాన్నే."

నేలలోకి దిగిపోయాననుకోండి.

విరుదునగర్‌లో అమ్మాయి ఇంట్లో పప్పు పెట్టాను. ఆమె ఇంటి నీళ్లలో వెన్నలా ఉడికింది. ఫోనులో ఆయనతో మాత్రం, నీళ్లు ఉప్పగా ఉన్నాయి, పప్పు ఉడకలేదని చెప్పాను. ఆమె ముఖం రోజూ చూడలేక అన్న మాట అది. మా అమ్మాయి గరిటె కడుగుతూ నా వైపు చూసింది. మూడో అంతస్తులో ఒక కొత్త ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

ఎదురింటి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగస్తులు. లిఫ్టులో కనబడితే నవ్వుతారు, తలుపేసుకుంటారు. పాల పాకెట్టు తలుపుకు కట్టిన సంచిలో పడుతుంది, వేసేవాడి ముఖం నేను చూడలేదు. మా ఆయన వచ్చి తిని పడుకుంటారు. కొన్ని రోజులు సాయంత్రం నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది.

ఆమె ఇల్లు ఆరు వీధుల అవతలే. పోయి తప్పయిందని చెప్పాలి. రేపు, రేపు అంటూ ఐదు నెలలు జరిపాను. చివరికి పోయేసరికి చుట్టూ రేకులు, లోపల స్తంభాలకు తీసిన గుంతలు. ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన చెప్పాడు. వెనక భాగానికి ఎవరూ రాలేదట. రెండు నెలలు చూసి కాంట్రాక్టరుకు సంతకం పెట్టేసిందట. ఆమె తమ్ముడి వాళ్లు నరికుడి పక్క ఏదో ఊరికి తీసుకుపోయారట. ఏ ఊరో అతనికి తెలియదు. ఆమె పేరు నేను అడగనే లేదు.

ఆ సాయంత్రం మా ఆయనకు కూడు పెట్టి, "నీళ్లు బాగానే ఉండె. నేనే అబద్దం సెప్తిని" అన్నాను.

"తెలుసు. బిడ్డ అప్పుడే సెప్పె. నువ్వుగా సెప్తావని సూస్తా ఉంటిని" అన్నారాయన.

అన్ని నెలలు ఒకే ఇంట్లో, ఇద్దరం అలా ఉన్నాం.

ఆదివారం ఇద్దరం నరికుడిలో బస్సు దిగాం. మదురై నుంచి వచ్చిన తెలుగు పెద్దావిడ అని అడిగితే, ఏ ఊరు, ఎవరింటి మనిషి అని అక్కడివాళ్లే తిరిగి మమ్మల్ని అడిగారు. రెండు ఊళ్లు తిరిగి, ఎండకు తాళలేక వెనక్కి వచ్చేశాం. బస్సులో ఆయన నాతో చాలాసేపు మాట్లాడారు. నేను వింటూనే కిటికీలోంచి ప్రతి అరుగు మీదా ముసలివాళ్లను వెతుక్కుంటూ వచ్చాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటి అరుగు మీద మనుషులు తగ్గకూడదు. మీ పిల్లలు ఏ పట్నంలో కాపురం పెట్టినా, పక్క గడపలోంచి వాళ్లను పేరు పెట్టి పిలిచే గొంతు ఒకటి ఉండాలి.