కుడిదిక్కు బటన్

సిరిసిల్లలో మరమగ్గం నడిపే శ్రీశైలం, చనిపోయిన కూతురు అలేఖ్య కంప్యూటర్‌ను ఎవరినీ ఆపనివ్వడు. ఆపితే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఆమెకొక్కదానికే తెలుసు. కరెంటు పోతుందని ఇన్వర్టర్ కూడా పెట్టించాడు. రోజూ నూలు దుమ్ము అంటిన చేతులు లుంగీకి తుడుచుకుని, ఉద్యోగం ఇంటర్వ్యూల కోసం ఆమె ఇంగ్లిషులో అందులో రికార్డు చేసుకున్న మాటలు వింటాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. "అప్‌డేట్ అని నీలం డబ్బా వస్తే కుడిదిక్కు బటన్ ఒత్తు బాపూ, గట్లయితే బంద్ గాదు" అని బతికుండగా ఆమే నేర్పింది. ఏనాడూ తప్పలేదు. ఈ ఉదయం వచ్చిన డబ్బాలో బటన్ల చోట్లు మారిపోయాయి. ఇంగ్లిషు చదవరాని శ్రీశైలం కుడిదే నొక్కాడు. తెర నల్లబడి, మళ్లీ వెలిగి, పాస్‌వర్డ్ అడిగింది.

"నువ్వు చెప్పిందే ఒత్తిన గద బిడ్డా," అన్నాడు, ఆ ఖాళీ గడిని చూస్తూ.