ఎవరినీ నమ్మని మావయ్య

మావయ్య ఈ లోకంలో నమ్మేది ఒక్క తాళాన్నే. అదీ తన చేత్తో లాగి చూశాక.

చిత్రశాల కాపలావాళ్ళందరికీ ఆయనే పెద్ద. మేనకోడలు అక్కడ టిక్కెట్లిచ్చే ఉద్యోగంలో చేరిన రోజే గేటు దగ్గర ఆమె బ్యాగు సోదా చేశాడు.

"నేను మావయ్యా!"

"నువ్వని తెలుసు. బ్యాగులో ఏముందో తెలీదు."

గొడుగంటే ఆయన దృష్టిలో బొమ్మలు చింపే ఆయుధం. ఒకసారి డైరెక్టరమ్మ వంకరగా ఉన్న ఫ్రేము సర్దబోతే, "చేతులు వెనక్కి!" అని కేక పెట్టాడు. పాపం ఆవిడ తన గదిలోకి వెళ్ళేదాకా చేతులు వెనక్కి పెట్టుకునే నడిచింది. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే చాలు, తడి గోనెసంచితో పక్కన నిలబడేవాడు.

"నేను వంట చేస్తున్నట్టు లేదే, ఇల్లు తగలబెడుతున్నట్టుంది," అని అత్తయ్య వాపోయేది.

అలాంటాయన కంట్లో ఒక గడ్డం మనిషి పడ్డాడు. రోజూ వచ్చి, కొత్తగా తగిలించిన ఒకే బొమ్మ దగ్గర తచ్చాడేవాడు. ఆ బొమ్మ చూసి జనం కిసుక్కున నవ్వుకునేవారు.

"చూశావా? మొన్నటి చొక్కానే. మొహం పీక్కుపోయింది. అన్నీ దొంగ లక్షణాలే!"

"ఆకలి లక్షణాలు మావయ్యా అవి."

మావయ్య ఆ మనిషిని మరోసారి ఎగాదిగా చూశాడు.

ఒక మధ్యాహ్నం ఆ మనిషి కోటు ఒక పక్కకి బరువుగా వేలాడింది. మావయ్య ఒక్క అంగలో వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. కోటులోంచి మూత వదులు చేసిన ఎర్రరంగు డబ్బా బయటపడింది.

"వదలండి! అది నేను వేసిన బొమ్మే. అందరూ నవ్వుతుంటే చూడలేకపోతున్నా. నా చేత్తో నేనే చెరిపేస్తా."

"వేసింది నువ్వే. కాసేది నేను. నా కాపలాలో దాని మీద ఈగ వాలడానికి వీల్లేదు."

అంతలో డైరెక్టరమ్మ పరుగున వచ్చింది. "ఏమిటా డబ్బా? పోలీసుల్ని పిలవనా?"

ఇక ఈ మనిషి పని అయిపోయిందనుకుంది మేనకోడలు.

"పోలీసులెందుకమ్మా? వెనక వరండాకి రంగు వెయ్యమని నేనే పిలిపించా."

"మన గోడలు తెలుపు కదండీ?"

"అందుకేనమ్మా ఇట్టే మాసిపోతున్నాయి."

ఎవరినీ నమ్మని మనిషి, ఎవరైనా నమ్మేలా అబద్ధం చెప్పాడు!

వరండాలో తన భోజనం డబ్బా గడ్డం మనిషి ముందు పెట్టాడు. "ముందు తిను. ఖాళీ కడుపుతో నిచ్చెనెక్కితే కళ్ళు తిరుగుతాయి. రంగంతా నేలపాలవుతుంది."

సాయంత్రానికి గోడ ఎర్రబడింది. తీరా చూస్తే, దానికి తగిలించిన మంటలార్పే సిలిండరూ ఎరుపే. గోడలో కలిసిపోయి కనిపించడం లేదు.

"ఎంత ప్రమాదం!" మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. "రేపొచ్చి దాని వెనక తెల్లరంగు వెయ్యి. ఎల్లుండి కిటికీలు. ఆ తర్వాత ఇంకేదో చూద్దాం. అన్నట్టు, నీ బొమ్మ నాకు నచ్చిందోయ్. ఆ సోఫా చూస్తే కాసేపు కూర్చోవాలనిపిస్తుంది."

నిచ్చెన మీద కుంచె ఆగింది.

"అది గుర్రమండీ."

మావయ్య ఏమాత్రం తడబడలేదు. "అయినా కూర్చోవచ్చుగా!"

నిచ్చెన పైనుంచే గడ్డం మనిషి పగలబడి నవ్వాడు. మావయ్య గబగబా వెళ్ళి రెండు చేతులతో నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.