ప్రభువా, మా తమ్మునికి చెప్పు

కుటుంబాన్ని దేవుడే ఏర్పాటు చేశాడని మా పాస్టర్ గారు చెప్పినప్పుడల్లా, అది చేసిన రోజు ఆ దేవుడికి ఒంట్లో ఎలా ఉండిందో కనుక్కోవాలనిపించేది నాకు. ఆరు రోజుల్లో లోకమంతా చక్కగా చేసినవాడు, మా కుటుంబం దగ్గరికి వచ్చేసరికి బాగా అలిసిపోయి ఉంటాడు. ఏడో రోజు విశ్రాంతి ఊరికే తీసుకోలేదు.

ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్క ఇంట్లో కుటుంబ ప్రార్థన. నేనూ నా భార్యా ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, మూడో స్టేషన్‌లో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు సూర్యుణ్ణి కూడా లోపలికి రానివ్వని ఒక సందులో నడిచి, మూడంతస్తులు ఎక్కుతాం. హిమాలయాలు ఎక్కినవాళ్లకు ఆక్సిజన్ సిలిండర్లయినా ఇస్తారు. మాకు గుమ్మం దగ్గర గ్లాసెడు నీళ్లు, అవీ అడిగితేనే.

ఈ ఇంటికి క్రీస్తే యజమాని అని వాళ్ల హాల్లో పెద్ద అద్దాల బోర్డు ఉంటుంది. ఆ యజమానిని మా బావ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా టీవీ రిమోట్ ముట్టుకోనివ్వలేదు. బావది గుంటూరు వైపు. ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర అందుకుని, అబ్రాహాము మీదుగా, ఇశ్రాయేలీయులనందరినీ ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని ఎడారి దాటించి, చివరికి మా గ్యాస్ సిలిండర్ దగ్గరికి వస్తాడు. నలభై ఏళ్లు ఎడారిలో తిరిగినవాళ్లకు కనీసం కాళ్లు చాపుకునే వీలుండేది. చాప మీద మోకరించిన మాకు అదీ లేదు.

ఇంతకీ మా ఇంటి ప్రార్థనలో అసలు విశేషం వేరే. మేము ప్రార్థనలోనే తిట్టుకుంటాం. అందరి కళ్లూ మూసి ఉంటాయి, ఆమేన్ అనేదాకా మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. తిట్టడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏ కోర్టులోనూ లేదు.

"ప్రభువా, సిగరెట్టు మానేశానని భార్యకు మాటిచ్చి, మెట్రో మెట్ల కింద కాలుస్తున్నవాడు ఈ గదిలో ఒకడున్నాడని నీవెరుగుదువు" అంటాడు బావ.

నా వంతు వస్తుంది. "ప్రభువా, ఆ మెట్ల కింద బావగారికేం పనో, డాక్టరు వద్దన్న మిర్చి బజ్జీలు ఆయన చేతిలో ఎన్నున్నయో, అది కూడ నీకు తెలుసు."

"ఆమేన్" అంటారు అందరూ, భక్తిగా.

గత ఏడాది మా సంఘంలో కుటుంబ ఆదివారం పెట్టారు. ఆ రోజు ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి తమ కుటుంబాన్ని బట్టి దేవునికి కృతజ్ఞతలు చెప్పాలి. శనివారం రాత్రి దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఆదివారం పొద్దున మైకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు ఒళ్లు మండింది. నా వంతు వచ్చింది. మైకు చేతికొస్తే నాకు ఒళ్లు తెలియదు.

"నా కుటుంబంలో దేవుడిచ్చిన గొప్ప వరం మా అక్క గొంతు" అన్నాను. "ఆమె పై స్వరం అందుకున్నదంటే సరూర్‌నగర్ చెరువులో చేపలన్నీ పిల్లాపాపలతో సహా చెరువు ఖాళీ చేసి, ఎల్‌బీ నగర్‌కు నడిచొచ్చి, విజయవాడ బస్సెక్కుతాయి."

సంఘమంతా పడీ పడీ నవ్వింది. పాస్టర్ గారు పడిపోకుండా బల్ల పట్టుకున్నారు. పాటలు పాడేవాళ్ల మొదటి వరసలో నిలబడ్డ మా అక్క మాత్రం తన పాటల పుస్తకం మూసేసింది.

ఆ తర్వాత ఆమె పాడలేదు. ఇరవై ఏళ్లు నిలబడ్డ వరస వదిలేసి, చివరి బెంచీలో చెప్పుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నాతో మాటలు బంద్. నేనేం చేశాను? అక్కకు హాస్యం తెలియదని ఎల్‌బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా చెప్పుకుని తిరిగాను. నవ్వించేవాళ్లంత పిరికివాళ్లు లోకంలో ఉండరు. నలుగురిలో అన్న మాటకు ఒక్కరి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవడం మాకు చేతకాదు.

అయినా కుటుంబ ప్రార్థన మానడం కుదరదు కదా. అందుకని ఏడాదిపాటు మేమిద్దరం దేవుడి ద్వారా మాట్లాడుకున్నాం.

"ప్రభువా, పప్పుల ఉప్పెక్కువైందని మొహం మాడ్చుకున్నడు మా తమ్ముడు. గంత రుచి గావాల్నంటే ఇంట్లనే తినిరమ్మని చెప్పు."

"ప్రభువా, నేను మొహం మాడ్చలేదు, పుట్టినప్పటి సంది నా మొహమే గిట్లున్నదని అక్కకు చెప్పు."

పరలోకంలో ఎన్ని కోట్ల మంది దూతలున్నా, ఈ మూడో అంతస్తుకు వేసిన దూత మాత్రం ఈపాటికి బదిలీకి దరఖాస్తు పెట్టుకుని ఉంటాడు.

మొన్న వానాకాలంలో ఒక శనివారం. బావ ఇశ్రాయేలీయులను ఒడ్డు చేర్చాక అక్క వంతు వచ్చింది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది.

"ప్రభువా, నా మెడల గడ్డ ఉన్నదన్నరు. బుధవారం ఆపరేషన్. గొంతు మారొచ్చు, పోనూవచ్చు అన్నరు. పోతే పోనీ. ఎవరికేం నష్టం? చేపలు నిమ్మళంగుంటయి. గీ ముచ్చట మా తమ్మునికి నువ్వే చెప్పు. నేను చెప్ప."

నా వంతు. కళ్లు తెరిచాను. బావ కళ్లు మూసే ఉన్నాయి, నా భార్యవీ అంతే. అక్క మాత్రం కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

"ఎప్పటి సంది అక్కా?" అన్నాను.

"ఆమేన్ అయ్యాక మాట్లాడుకోవచ్చు కదా బావమరిదీ" అన్నాడు బావ, రెప్ప కదలకుండా.

అక్క గబుక్కున కళ్లు మూసుకుంది. "ప్రభువా, బుధవారం పొద్దున ఏడు గంటలకు రమ్మను. ఫ్లాస్కుల చాయ్ తెమ్మను. నాకు మంచినీళ్లు గూడ ఇయ్యరు, వాళ్ల బావకు మాత్రం చాయ్ లేకపోతే తల నొస్తది."

బుధవారం ఫ్లాస్కు పట్టుకుని దవాఖానకు వెళ్లాను. స్ట్రెచర్ తీసుకుపోయే ముందు బావ చేతులు జోడించి ఆదాము దగ్గర మొదలుపెట్టాడు. అక్క పడుకునే చెయ్యెత్తింది.

"గంత దూరం నుంచి వద్దు. డాక్టర్లకు వేరే పనులుంటయి." నావైపు చూడకుండా అంది, "ప్రభువా, ప్రార్థన గాన్ని చెయ్యమను."

నేను కళ్లు మూసుకున్నాను. ఇన్నేళ్లలో ప్రార్థనలో నేను ఎవరి మీదా చాడీ చెప్పని రోజు అదొక్కటే.

"ప్రభువా, ఆ గొంతు మూయించింది నేనే. నలుగురు నవ్వాలని చేసిన. తప్పు నాది. ఎట్లుండెనో అట్లనే తిరిగియ్యి. జర గూడ బాగు చెయ్యకు."

ఎవరూ ఆమేన్ అనలేదు. స్ట్రెచర్ పట్టుకున్న నర్సమ్మ, నుదుటి మీద రూపాయంత బొట్టున్నావిడ, "ఆమేన్" అని లోపలికి తోసుకుపోయింది.

తలుపు ముందు నేనూ బావా కూర్చున్నాం. చాయ్ పోసిచ్చాను. తాగలేదు. గ్లాసు చల్లారిపోయాక చేతులు జోడించాడు. ఇక ఎడారే అనుకుని నేను మోకాళ్లు సర్దుకున్నాను. "ప్రభువా, ఆవిడ" అన్నాడు. అంతే. ఆదాము రాలేదు, అబ్రాహాము రాలేదు. అన్నేళ్లుగా నేను వెక్కిరించిన ఆ మనిషి పక్కకు జరిగి, భుజం ఆనించి కూర్చున్నాను. కుటుంబమనేదాన్ని దేవుడు అలిసిపోయి చేసి ఉండొచ్చు. మా ఐదు గంటల ఎదురుచూపులో మాత్రం మా ఇద్దరికీ వేరే ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి అక్క మెడ కట్టు చూసి, "ఏదైనా ఒక మాట మాట్లాడండమ్మా, వింటాను" అన్నాడు.

అక్క గది అంతా చూసింది. బావను చూసింది. బోర్డు లేని గోడలు చూసింది. తర్వాత కళ్లు మూయకుండా, మధ్యలో దేవుణ్ణి కూడా పెట్టకుండా, నన్నే సూటిగా చూసింది. తుప్పు పట్టిన గేటు తీసినట్టుగా వచ్చింది గొంతు.

"ఏం రా, చేపలు బస్సెక్కినయా?"

"ఇంకా లేదక్కా" అన్నాను. "వాటికి వినబడలేదు. జర గట్టిగ అను."