వెనక పరుగెత్తడం నేర్చుకున్న కోచ్ సారు

మా కోచ్ సారు పోయారని ఎల్లారెడ్డి నుంచి ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "ఊపిరికి శాన కొట్టుకున్నడు బిడ్డా. ఇగ నిమ్మలమైండు," అంది. ఏడుపు కన్నా ముందు నా మనసు తేలికపడింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పడుకోలేక, కూర్చునే నిద్రపోవడం నేను చూసి వచ్చాను.

కామారెడ్డిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన మా కాలేజీకి పరుగు నేర్పడానికి వచ్చారు. దూరపు పందేల్లో రాష్ట్రం తరఫున పరుగెత్తిన మనిషి. "గింత పెద్ద రన్నర్ దొరుకుడు మీ నసీబు," అన్నారు ప్రిన్సిపాల్. మేమూ అలాగే అనుకున్నాం.

మొదటి ఏడాది మాత్రం మాకు నరకం. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఆయనే అందరికన్నా ముందు పరుగెత్తేవారు. వెనక్కి తిరిగి చూసేవారు కాదు. కాళ్లు గుంజుతున్నాయంటే, "గుంజితే ఏమైతది? ఉరుకుర్రి," అనేవారు. కోపంతో కాదు, ఆయనకు నిజంగానే అర్థమయ్యేది కాదు. ఒక్కొక్కరే మానేశారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి నేను రోడ్డు పక్కన పడిపోయాను. ఆయన చాలా దూరం పోయాక గానీ చూడలేదట. చూసి, పరుగున వెనక్కి వచ్చి, నన్ను ఎత్తుకుని ఆటో ఎక్కించారు. ఆస్పత్రిలో ప్రమాదం లేదన్నారు. దగ్గర్లోనే ఉన్న మా ఊరు రాజంపేట నుంచి వచ్చిన మా బాపు, "ఇగ ఉరుకుడు బంద్," అన్నాడు.

"తప్పు నాదే అన్నా," అన్నారు సారు. తర్వాత నా వైపు తిరిగారు. "కష్టం ఎక్కడ మొదలైతది అమ్మా? నేనెన్నడు వెనక ఉరకలే. నాకు తెల్వదు. జర చెప్పు."

బాపు మెత్తబడ్డాడు. నేను చెప్పాను.

అప్పటి నుంచి సారు అందరికన్నా వెనక వచ్చేవారు, మా ఊపిరి వింటూ. "ముచ్చట పెట్టుకుంట ఉరుకుర్రి. మాట రాకుంటే మెల్లగ పోర్రి," అనేవారు. మానేసిన వాళ్ల ఇండ్లకు వెళ్లి బతిమాలి తీసుకొచ్చారు. కాలేజీల పోటీలో మాకు కప్పు రాలేదు. కానీ ఒక్కరు కూడా మధ్యలో ఆగలేదు.

ఇప్పుడు నేనూ పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. గొప్ప రన్నర్లు మంచి కోచ్‌లవుతారా అని ఎవరైనా అడిగితే ఆయన సంగతే చెబుతాను.

చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు మాట మాటకూ ఆగుతూ ఆయనే అడిగారు. "నిజం చెప్పు. నేను మంచి కోచ్‌నేనా?"

"మొదటేడు కాదు సార్. తర్వాత అయిండ్రు."

దగ్గు వచ్చేదాకా నవ్వారు. "నేను గదే అనుకున్న. ఎవలన్న మొఖం మీద చెప్తరా అని చూస్తున్న," అన్నారు. ఆ మాట ఆయన బతికుండగానే చెప్పగలిగాను. అదే నాకు నిశ్చింత.

అంత్యక్రియలయ్యాక ఆక్సిజన్ సిలిండర్‌ను ఎవరో వచ్చి తీసుకుపోయారు. దుమ్ము పడకుండా మూసిపెట్టిన కిటికీలు తెరిచారు. కోసిన వరి మళ్ల మీది గాలి లోపలికి వచ్చింది. ఎన్నాళ్లుగానో సరిగా నిద్రలేని ఆయన భార్య గోడకు ఆనుకుని, చుట్టాల మాటల మధ్యే నిద్రపోయింది. పక్కన చాయ్ చల్లారుతున్నా ఎవరూ ఆమెను లేపలేదు.