సమ్రుయ్ తెచ్చిన పోరుచేప

థాయిలాండ్‌లోని నఖోన్ పాథోమ్‌లో ముప్పై ఏళ్లుగా పోరుచేపలు పెంచుతున్న ప్రయోంగ్ దగ్గరికి పొరుగింటి సమ్రుయ్ ఒక గాజు సీసా తెచ్చాడు. మూతపడిన దుకాణంలో ఎవరో వదిలేసిన చేప అందులో అడుగున కదలకుండా పడి ఉంది.

"పోయినట్టేనా అక్కా?"

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే చూస్తాను."

ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. మొప్పలు సమంగా ఆడుతున్నాయి. పొట్ట ఉబ్బలేదు, ఒంటిమీద తెల్ల మచ్చలూ లేవు. తోక మాత్రం పీలికలైంది. ఎదురుగా చిన్న అద్దం పెట్టగానే చేప తడబడుతూ లేచి, మొప్పలు విప్పి, అద్దంలోని తన నీడనే శత్రువనుకుని దాని మీదికి వెళ్లింది.

"పౌరుషం చావలేదురా. తోకదేముంది, మళ్లీ వస్తుంది" అంటూ అద్దం తీసేసి, చేపల గాయాలు మానడానికి వాడే బాదం ఆకు నానిన నీళ్లలోకి చేపను మార్చింది.

పన్నెండో రోజున అది నీటిమీద నురగ గూడు కట్టింది; ఒంట్లో బాగున్న మగచేపే గుడ్ల కోసం అలా కడుతుంది.

"ఇక తీసుకెళ్లు. సీసాలో కాదు, కుండలో ఉంచు" అంది ప్రయోంగ్.