ఇంకా రాని నమ్మకం

అశోక్‌నగర్ హాస్టల్‌లో నా రూమ్మేట్ స్వప్న, డేటింగ్ యాప్‌లో పరిచయమైన అబ్బాయిని ఈ రోజు మొదటిసారి కలిసింది. పట్టపగలు, నారాయణగూడలో జనం ఉండే కేఫ్‌ని తనే ఎంచుకుంది. తోడుగా నన్ను పక్క టేబుల్ దగ్గర కూర్చోమంది.

చాయ్ సగం తాగాక అతను, "ఈడ లొల్లి ఎక్కువుంది. మా దోస్తు ఫ్లాట్ ఖాళీగుంది, పోదామా?" అన్నాడు.

"వద్దు, ఈడనే మాట్లాడుకుందాం."

"నా మీద నమ్మకం లేదా?"

"ఇంకా రాలే. వచ్చేదాక ఇట్ల నలుగురి నడుమనే కలుద్దాం," అంది స్వప్న నవ్వుతూనే.

అతను ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నేను గబగబా స్వప్న దగ్గరికి వెళ్లి, "బాధగ ఉందా?" అనడిగాను.

"ఉందే. ఫోన్ల మస్తు మంచిగ మాట్లాడేటోడు," అంటూ కళ్లు తుడుచుకుంది.

నచ్చిన మనిషికి నవ్వుతూ వద్దని చెప్పడానికి ఎంత గుండె కావాలి! నేనైతే మొహమాటానికే ఆ ఫ్లాట్‌కి వెళ్లేదాన్నేమో. మరి మీరు?