పది బారల తాడు

మస్కట్‌లోని హమ్రియాలో మంచు కురవదు. ఇది నేను ఎక్కడా చదవలేదు, ఆరేళ్లుగా అక్కడ ఉండి తెలుసుకున్నాను. అయినా చలికాలంలో కొన్ని ఉదయాలు మా రూమ్ బాల్కనీలో మేకుకు వేలాడే నైలాన్ తాడు తడిసి ఉంటుంది. పక్కన తీగ మీద ఆరేసిన బనియన్లు పొడిగానే ఉంటాయి. తడిసిన తాడులోంచి కుక్క ఒంటి వాసన, కోసిన పచ్చగడ్డి వాసన, ఉప్పుగాలి వాసన కలిసి వస్తాయి. నాతో ఉండే అన్వర్‌ది కడప. ఏసీ నీళ్లు కారుతున్నాయని అతను మొదట తేల్చేశాడు. ఏసీ నెల రోజులుగా ఆపే ఉందని చెప్పాక ఆ సంగతి మాట్లాడటం మానేశాడు.

ఆ తాడు రాజమల్లు కాకది. కాకది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఒమన్ తీరంలోని దుక్మ్ నుంచి లోపలికి గంటన్నర వెళితే వచ్చే ఒక అర్బాబ్, అంటే అరబ్బు యజమాని, పొలంలో మేమిద్దరం కలిశాం. ఒంటెలకు పెంచే గడ్డి, జాలీ పెట్టెల్లో పూరేడు పిట్టలు, చుట్టూ కంకర నేల, అంతే. నేను వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసి అక్కడ సూపర్‌వైజర్‌గా చేరాను. పర్యవేక్షించడానికి ఉన్నది కాక ఒక్కడే. ఆయనకు నా పర్యవేక్షణతో పని లేదు కనుక ఉద్యోగం సుఖంగా సాగింది. వీసాలో ఆయన వ్యవసాయ కూలీ. అసలు పని మాత్రం వేటకుక్కలకు నిలబడటం నేర్పడం. వయసులో ఉండగా మరో అర్బాబ్ దగ్గర ఒక ముసలి వేటగాడి వెనక తాడు మోసి ఆ విద్య నేర్చుకున్నాడట.

మా అర్బాబ్ ఆ ఏడు విదేశం నుంచి ఒక కుక్కపిల్లను తెప్పించాడు. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు చెవులు. బర్క్ అని పేరు పెట్టాడు, మెరుపు అని అర్థమట. మొదటి నెలలో అది మెరుపులా చేసిన పని ఒక్కటే, నా ఎడమ చెప్పు తీసుకుని పారిపోవడం. ఈ జాతి కుక్క పిట్టను పట్టదు. గడ్డిలో దాక్కున్న పిట్ట వాసన తగిలితే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ముందుకాలు ఒకటి గాలిలో ఉంటుంది, తోక చువ్వలా లేస్తుంది, ముక్కు పిట్ట వైపు చూపిస్తుంది. మనిషి వెళ్లి పిట్టను లేపేదాకా అది కదలకూడదు. కాక కర్రకు పిట్ట రెక్క కట్టి దాని ముందు ఆడించేవాడు. అన్నం పెట్టేటప్పుడు తుపాకీ చప్పుడు అలవాటు కావాలని పళ్లెం మీద గరిటెతో కొట్టేవాడు. తర్వాత మెడకు పది బారల తాడు కట్టి గడ్డిలోకి వదిలేవాడు.

ఆయన నాకు నేర్పిన సూత్రం ఒక్కటే. "కుక్క నిలవడ్డదంటే నిన్ను పిలుస్తున్నట్టు, డిగ్రీ సారూ. పిల్సినంక పోవాలె. ఆడ ఏమున్నా, ఏం లేకున్నా, పోయి చూడాలె. ఒక్కపారి పోకపోతివా, అది నిన్ను నమ్ముడు బంద్ జేస్తది."

ఆ సూత్రంతో నాకు పేచీ లేదు, మంచు ఉదయాలు వచ్చేవరకు. చలికాలం సముద్రం వైపు నుంచి మంచు వచ్చి పొలాన్ని కప్పేసేది. తాడు ఒక కొస నా చేతిలో ఉండేది, రెండో కొసన ఉన్న కుక్క కనబడేది కాదు. ఉన్నట్టుండి తాడు ఆగిపోయేది. ఆ వెంటనే సన్నటి వణుకు ఒకటి తాడు వెంట నడిచివచ్చి నా అరచేతిలోకి చేరేది. కుక్క నిలబడిందన్నమాట. ప్రతిసారీ ఒకే చోట, గడ్డి అయిపోయి కంకర మొదలయ్యే దగ్గర, పాత లారీ టైరుకు నాలుగు అడుగుల అవతల. మంచు విడిచాక వెళ్లి చూశాను. పొద లేదు, బొరియ లేదు. ఉడుము ఉందేమోనని మోచేతి లోతు తవ్వాను. నాకు దొరికింది కంకర, దాని కింద మరికొంత కంకర.

కాక మాత్రం ప్రతిసారీ వెళ్లేవాడు. మంచులోకి నడిచి, వంగి, కర్రతో నేల మీద రెండుసార్లు తట్టేవాడు. తాడులో వణుకు టక్కున ఆగిపోయేది. తిరిగి వచ్చి కుక్క మెడ నిమురుతూ, "లేచిపోయింది బిడ్డా" అనేవాడు.

ఏం లేచిందని ఒకసారి అడిగాను.

"అది నాకెట్ల ఎర్క? వాసన దానిది. తట్టుడు నాది."

ఒకరోజు మంచు పలచగా ఉండటంతో నేనూ దగ్గరగా వెళ్లాను. కాక కర్రతో తట్టగానే బర్క్ తల నెమ్మదిగా పైకి లేచింది. నేల మీద నుంచి గాలిలోకి, అక్కడి నుంచి సముద్రం వైపు, ఎగిరిపోతున్నదాన్ని చూసినట్టే చూసింది. దాని చూపు వెంట నేనూ చూశాను. ఆకాశం ఉంది. ఆ పూట టిఫిన్ సహించలేదు, కాక వండిన ఉప్మా మీద నెపం పెట్టాను.

ఆ చలికాలం చివర అతిథులు వస్తారని, వాళ్ల ముందు కుక్క సరిగ్గా నిలబడితే కాకకు ఇంకో రెండేళ్లు వీసా ఉంటుందని, లేకపోతే ఇంటికేనని అర్బాబ్ ముందే చెప్పేశాడు. కాకకు అరవై దగ్గరపడ్డాయి, ఇంకెవరూ కొత్తగా తీసుకోరు. ఆయన కూతురి నర్సింగ్ చదువు సరిగ్గా రెండేళ్లు మిగిలి ఉంది.

పిట్టల్ని గడ్డిలో దాచే పని కాక నాకు అప్పగించాడు. తెల్లవారాక, అతిథులు వచ్చే ముందు, కాళ్లకు దారం కట్టి రెంటిని వదలమన్నాడు. తెల్లవారుజామున లేవడం మీద నాకు గౌరవం ఉంది కానీ అలవాటు లేదు. అందుకని ముందురోజు సాయంత్రమే కట్టేసి వచ్చాను.

అతిథులు వచ్చిన శుక్రవారం ఎండ బాగా కాసింది. చాపలు పరిచారు, కావా, అదే అరబ్బీ కాఫీ, కప్పులు తిరిగాయి. బర్క్ గడ్డిలోకి దిగి, నేను పిట్టల్ని కట్టిన చోటు మీదుగా ఏమీ లేనట్టు దాటిపోయింది. అది తిన్నగా టైరు దగ్గరికి వెళ్లి, ఖాళీ కంకర ముందు కాలెత్తి బిగుసుకుపోయింది. చాపల మీద నవ్వులు మొదలయ్యాయి. వెనక్కి పిలవమని అర్బాబ్ అరిచాడు.

"కాకా, పిలువు," అన్నాను నేను. "జర మళ్ల పంపుదాం. నీ వీసా పోతది."

కాక నావైపు చూడలేదు. "ఎనిమిది నెలలసంది దానికి నువ్వు నిలవడు, నేనొస్త అని చెప్పిన. గియ్యాల నలుగురు చూస్తున్నరని అవద్దం జెయ్యాల్నా?"

ఆయన మోకాళ్ల నొప్పితో మెల్లగా నడిచి వెళ్లాడు. వంగాడు. రెండుసార్లు తట్టాడు. ఏమీ లేవలేదు. నవ్వులు పెద్దవయ్యాయి. అప్పుడు బర్క్ తల పైకి లేచింది. దాని చూపు మెల్లగా చాపల మీదుగా, ఒక్కొక్క అతిథి తల మీదుగా కదిలింది. ఎవరి తల మీదికి వస్తే వాళ్ల నవ్వు ఆగింది. చివరన కూర్చున్న ముసలాయన కప్పు కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుని, వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఎక్కువసేపు ఎవరూ కూర్చోలేదు.

దయ్యాల వేటకు కుక్క అక్కర్లేదని, కాకను ఇంటికి పంపేస్తానని అర్బాబ్ ఆ సాయంత్రమే తేల్చాడు. కాక రూమ్‌కు వచ్చి జేబులోంచి రెండు పూరేడు పిట్టల్ని తీసి మంచం మీద పెట్టాడు. కట్టిన దారాలు అలాగే ఉన్నాయి. రాత్రంతా మంచుకు నాని చచ్చి, కర్రల్లా బిగిసిపోయాయి.

"సచ్చినదాని ముందు అది నిలవడదు," అన్నాడు. "కుక్క తప్పు లేదు."

అర్బాబ్‌కు నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్తే నిన్ను గూడ పంపుతడు. ఇద్దరం పోతె కుక్కనెవడు చూస్తడు?"

నేను రెండు రోజులు చాలా నిజాయితీగా ఆలోచించాను. మూడో రోజు ఆలోచించడం మానేశాను. పదో రోజు కాక బస్సెక్కాడు. తాడు నా చేతిలో పెట్టి, మడిచేటప్పుడు మెలి పడకుండా చూసుకొమ్మన్నాడు. కూతురు చదువు ఆపి ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి చేరిందని తర్వాత తెలిసింది.

మరుసటి వారం మంచు మళ్లీ వచ్చింది. తాడు ఆగింది. వణుకు నా అరచేతిలోకి వచ్చింది. టైరు ఎటుందో కూడా తెలియడం లేదు. తాడు లాగేస్తే కుక్క వచ్చేస్తుంది, చూసేవాళ్లు ఎవరూ లేరు. చాలాసేపు నిలబడ్డాను. కుక్క నాకంటే ఎక్కువసేపు నిలబడింది. చివరికి తాడు పట్టుకుని దాని వెంటే నడిచాను. బర్క్‌ను దాటి వెళ్లి, వంగి, కర్రతో రెండుసార్లు తట్టాను.

చప్పుడేమీ కాలేదు. నా చెంప మీద మాత్రం, విసనకర్ర ఒక్క ఊపు ఊపినట్టు చల్లగా గాలి తగిలింది. తాడులో వణుకు ఆగిపోయింది. వృక్షశాస్త్రంలో దీనికి వివరణ లేదు. ఉన్నా ఆ పాఠం నేను చదవలేదు.

వేసవిలో అర్బాబ్ బర్క్‌ను ఎవరికో ఇచ్చేశాడు. నేను మస్కట్ వచ్చి ఒక గోడౌన్‌లో చేరాను.

తాడు తడిసిన ఉదయాల్లో టీ గ్లాసు పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్తాను. తాడును అరచేతిలోకి తీసుకుంటాను. కొన్నిసార్లు ఏమీ ఉండదు. కొన్నిసార్లు సన్నగా ఆ వణుకు ఉంటుంది. అప్పుడు వంగి నేల మీద రెండుసార్లు తడతాను. మొన్న అన్వర్ గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు.

"ఏముందన్నా ఆడ?" అన్నాడు మెల్లగా, లోపలికి అడుగు పెట్టకుండా.

"లేచిపోయింది," అన్నాను.